సుబేదారు కూర్చుంటే

కుక్కపిల్లకి సుబేదారు అని పేరు పెట్టినవాడు పద్మనాభయ్య. రైసుమిల్లు వెనకాల ఈనిన కుక్క పిల్లల్లో ఇదే కాస్త తల పెద్దదిగా ఉందని ఏరి, కండువాలో చుట్టుకుని తెచ్చాడు. గడ్డివామి దగ్గర కాపలాకి పనికొస్తుందన్నాడు. దారిలో అది కండువాని తడిపిన సంగతి ఇల్లు చేరాకగాని ఆయనకి తెలియలేదు. అవసరం కొద్దీ చేసిన పనో, భయం కొద్దీ చేసిన పనో ఆ పూట ఎవరూ విచారించలేదు. వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది. భయమే.

సుబేదారుకి బస్సు హారనంటే భయం. మిల్లు కూతంటే భయం. గొడుగు మూసి ఉంటే ఫరవాలేదు, తెరిస్తే భయం. రోకలి పోటంటే భయం, నీళ్ళబిందె ఠప్పున దించితే భయం, పద్మనాభయ్య తల్లి వెంకటశేషమ్మ పొద్దున్నే గొంతు సవరించుకుంటే అన్నిటికంటే భయం. ఈ చివరి భయం ఇంట్లో మరికొందరికీ ఉండేది గనక దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఏ చప్పుడైనా సరే, వసారాలో ఉన్న ధాన్యపు గాదె కిందికి దూరిపోయేది. తోక కొస మాత్రం బయట మిగిలేది. దాన్ని కూడా లోపలికి లాక్కోవాలని దానికి తోచేది కాదు.

"ఇల్లు కాయమని తెస్తే, మనం దీన్ని కాయాల్సి వచ్చిందే," అంది వెంకటశేషమ్మ కొడుకుతో. "సముద్రం కాడ మన సరుగుడు తోటకి పంపించెయ్. ఆడ బస్సులూ లేవు, బిందెలూ లేవు."

"చూస్తాం లేమ్మా. బడులు తెరిచేదాకా చూస్తాం. అప్పటికీ ఇట్నే ఉంటే ఆ తోటకి పోయే చిన్నపోలయ్య బండిలో పంపిస్తా," అన్నాడు పద్మనాభయ్య.

ఆ ఇంట్లో 'బడులు తెరిచేదాకా' అనే గడువు అప్పటికే ఇంకొకరి మీద నడుస్తూ ఉంది.

పద్మనాభయ్యకీ ఇందిరమ్మకీ ఒక్కతే కూతురు. మాలకొండ దేవుడికి మొక్కుకుంటే పుట్టింది గనక మాలకొండమ్మ, ఇంట్లో కొండమ్మ. ఎనిమిదేళ్ళు. అంతకుముందు కార్తీకంలో దానికి టైఫాయిడు వచ్చింది. ఇరవయ్యొక్క రోజులకి జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ రెండు చెవుల్నీ వెంట తీసుకుపోయింది. నెల్లూరు డాక్టరు, ప్రాణం దక్కింది, సంతోషించండమ్మా అన్నాడు. ఇందిరమ్మ సంతోషించింది. సంతోషిస్తూనే వారం రోజులు ఏడ్చింది.

కొండమ్మ మాట పోలేదు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి పక్కింటికి కూడా వినిపించేటట్టు మాట్లాడేది, అంతే. ఎదుటివాళ్ళ నోటి కదలిక చూసి సగం, పలక మీద రాసి చూపిస్తే మిగతా సగం అర్థం చేసుకునేది. చదువులో కూడా ఏమీ వెనకపడలేదు. ఇబ్బందంతా రోడ్డుతో వచ్చింది. వాళ్ళ ఇల్లు కోవూరులో ట్రంకురోడ్డుకి ఇవతల, మిషను బడి అవతల. మధ్యలో మద్రాసు పోయే లారీలు, నెల్లూరు పోయే బస్సులు. వెనక నుంచి ఏది వచ్చినా పిల్లకి తెలియదు.

అందుకని ఇందిరమ్మ రోజూ రెండు పూటలా మణికట్టు పట్టుకుని దాటించేది. అది చూసి బడిపిల్లలు ఒక ఆట కనిపెట్టారు. ఒకడి మెడలో తువ్వాలు కట్టి ఇంకొకడు లాక్కుపోవడం, వాడు 'అంబా' అనడం. కొండమ్మకి 'అంబా' వినపడలేదు గానీ ఆట మాత్రం కనపడింది. మాఘమాసంలో ఒక పొద్దున, సరిగ్గా రోడ్డు నడిమధ్యలో, తల్లి చేతిని విదిలించి పారేసింది. లారీ డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బండి ఆగింది. అతను దిగొచ్చి ముందు పిల్లని, తర్వాత పిల్లని కన్నవాళ్ళని, ఆ తర్వాత కన్నవాళ్ళని కన్నవాళ్ళని తిట్టాడు.

"అమ్మా, ఆయనేమంటా ఉండాడు?" అని కొండమ్మ ఊరంతా వినేటట్టు అడిగింది.

ఇందిరమ్మ పెదవులు మెల్లిగా కదిలిస్తూ, "జాగ్రత్తగా పొమ్మంటున్నాడు," అని తర్జుమా చేసింది. డ్రైవరుకి అప్పుడు సంగతి అర్థమైంది. వెళ్ళబోతూ పిల్ల తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

ఆ సాయంత్రం పద్మనాభయ్య తీర్పు చెప్పాడు.

"చాల్లే ఇంక. అక్షరాలు వచ్చినాయి, కూడికలు వచ్చినాయి. ఉండేది ఒక్క బిడ్డ. ఇంట్లో కూర్చోని వాళ్ళమ్మ కాడ చదువుకుంటది."

"నేను బళ్ళోకి పోయినానా? బతకలా?" అంది వెంకటశేషమ్మ.

కొండమ్మ వాళ్ళ నోళ్ళవంకే చూస్తూ ఉంది. "నేను దూడనా, పలుపు పట్టుకోని తోలకపోయేదానికి? చెయ్యి పట్టుకుంటే నేను పోను!" అంది.

చెయ్యి పట్టుకోకుండా పంపనని తండ్రి, పట్టుకుంటే పోనని కూతురు. ఆ మొండితనం ఏ వంశం నుంచి దిగిందో ఇందిరమ్మకి బాగా తెలుసు. అత్తగారు ఎదురుగానే ఉంది కాబట్టి పైకి అనలేదు. ఇందిరమ్మ నెల్లూరు కాలేజీలో ఇంటరు దాకా చదివిన మనిషి. ఆ చదువు ఆ ఇంట్లో ఎవరికైనా కోపం వచ్చినప్పుడు మాత్రమే గుర్తొచ్చేది. తన బిడ్డ మూడో తరగతితో ఆగిపోతుందంటే ఆ రాత్రి సగం అన్నంలో లేచిపోయింది.

మర్నాడు మిషను బడి పెద్ద టీచరు ఎలిశబెతమ్మ తనే ఇంటికి వచ్చింది. "పద్మనాభయ్య గారూ, పేరు నేను కొట్టెయ్యను. జూన్ నెలాఖరు దాకా పెట్టుకుంటా. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే నా చేతిలో ఉండదు. ఇప్పటికీ లెక్క ఇస్తే ముందు పలక ఎత్తేది మీ పిల్లే. నా నోటికెదురుగా ముందు వరసలో కూర్చోబెట్టుకుంటా. ఆ రోడ్డు సంగతొక్కటి మీరు చూసుకోండి," అంది. వీధి గుమ్మం దిగుతూ ఇందిరమ్మ భుజం తట్టింది. అన్ని నెలల్లో ఇందిరమ్మని ఓదార్చకుండా పని చెప్పి పోయిన మనిషి ఆవిడ ఒక్కతే. అందుకు ఇందిరమ్మ ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఆ దిగుల్లో ఉండగా వచ్చిపడింది సుబేదారు. పిల్ల సంగతి తన చేతిలో లేదు గానీ, కుక్కపిల్ల సంగతి ఉన్నట్టే తోచింది ఇందిరమ్మకి.

పద్మనాభయ్య ఏటా ఒక జత కొత్త గిత్తల్ని కొనేవాడు. మెట్టపొలాల్లో పెరిగిన గిత్తలకి బస్సంటే బెదురు. వాటిని తెచ్చిన రోజే ట్రంకురోడ్డు పక్కన గుంజకి కట్టి, ముందర పచ్చటి పిల్లిపెసర వేసేవాడు. మొదటిరోజు బస్సొస్తే గుంజ పెరికినంత పని చేసేవి. రెండోరోజు తల ఎత్తి చూసేవి. పదోరోజుకి బస్సు వాటి తోకలకి తగిలేంత దగ్గరగా పోయినా మేత మానేవి కావు. కోవూరులో సేద్యగాళ్ళందరూ చేసే పనే అది.

"ఏమండీ, గిత్తలకి చెప్పే చదువు కుక్కపిల్లకి చెప్తే రాదా?" అని అడిగింది ఇందిరమ్మ.

"కుక్కకి పిల్లిపెసర వేస్తావా?" అని నవ్వాడు పద్మనాభయ్య.

పిల్లిపెసరకి బదులు నాగులమ్మ దొరికింది. నాగులమ్మ వారానికి రెండుసార్లు సముద్రం ఒడ్డు నుంచి ఎండుచేపల గంప తెచ్చి అమ్ముకునేది. గంప అడుగున చిదురైపోయిన ఎండు నెత్తళ్ళు ఉంటాయి గదా, అవి ఇచ్చిపొమ్మని అడిగింది ఇందిరమ్మ.

"ఎవరికి ఇందిరమ్మా?"

"కుక్కపిల్లకి. బస్సంటే భయపడుతోంది."

"భయానికి నెత్తళ్ళా! మా ఆయన నన్ను చూసి భయపడతాడే, ఆయనక్కూడా పెట్టి చూస్తా," అంది నాగులమ్మ. అని, రెండు దోసిళ్ళ చిదురు చేటలో పోసింది. ఆ ఎండాకాలం పొడుగునా వచ్చిన ప్రతిసారీ పోసింది. ఒక్కసారి కూడా గుర్తు చేయించుకోలేదు.

తర్వాత ఇందిరమ్మ మోతల కోసం ఊరి మీద పడింది. ముందు ఇంట్లోంచే మొదలు పెట్టింది. వెంకటశేషమ్మ కుక్కని తాకదు, అది వచ్చిన చోట పసుపునీళ్ళు చల్లుకుంటుంది. కానీ ఇత్తడి పళ్ళెం కింద పడేయడానికి కుక్కని తాకాల్సిన పని లేదు గదా. "అత్తమ్మా, మీరైతే సరిగ్గా పడేస్తారు. నేను పడేస్తే చప్పుడు రావడం లేదు," అంది ఇందిరమ్మ. ఆ మాటకి ముసలావిడ కాస్త పొంగింది. మొదట వంటింట్లో పడేసింది, మూడు రోజులయ్యాక వసారాలో, వారానికి గాదె పక్కనే. పడేసిన ప్రతిసారీ, నెత్తళ్ళు పెట్టారా లేదా అని తల వంచి చూసేది. ఆవిడ అంత సరదాగా ఒక పని చేయడం ఇందిరమ్మ పెళ్ళయి వచ్చాక చూడలేదు.

నెత్తళ్ళు పెట్టే ఉద్యోగం కొండమ్మది. ఇంట్లో ఊరికే కూర్చుని పిల్ల మొహం వాడిపోతోందని తల్లే అప్పజెప్పింది. చప్పుడు తనకి వినపడదు గనక కుక్కపిల్ల మొహం వంకే చూస్తూ, అది బెదిరినట్టు కనిపించగానే నోట్లో ఒక తునక పెట్టేది.

ఇక బస్సు. నెల్లూరు బస్సు రోజూ వాళ్ళింటి ఎదురుగా టీ అంగడి దగ్గర పది నిమిషాలు ఆగేది. దాని డ్రైవరు హెబ్రోను, నల్లగా, నిదానంగా, మీసాల కింద ఎప్పుడూ నవ్వు దాచుకుని ఉండేవాడు.

"హెబ్రోనూ, కొంచెం హారను కొట్టి పెడతావా?"

"రోడ్డు మీద ఎవురూ లేరు గదమ్మా?"

"రోడ్డుకి కాదు. మా కుక్కకి."

హెబ్రోను వసారా వైపు చూశాడు. గాదె కింద తోక కొస కనిపించింది. రబ్బరు బుడ్డిని రెండు వేళ్ళతో, పసిపిల్లకి మందు పిండినట్టు, మెత్తగా నొక్కాడు. 'పీ' మంది.

"ఇంత చాలా, ఇంకొంచెం పెంచేదా?"

"ఇవాళ్టికి చాలు. రేపు ఇంకొంచెం."

"ఏందయ్యా, సంగీతం నేర్పతా ఉండావా?" అని బస్సులోంచి ఎవరో అరిచారు. "అవునన్నా, సరళి దగ్గరుండాం," అన్నాడు హెబ్రోను. రోజుకి కాస్త చొప్పున పెంచుకుంటూ, చైత్రం వెళ్ళేసరికి పూర్తి హారను దాకా వచ్చాడు. మిల్లువాళ్ళ కూత రోజూ ఉండేదే. పోలేరమ్మ జాతరకి తప్పెట్ల వాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు, ఇందిరమ్మ అడగ్గానే ఇంటి ముందర ఒక దరువు ఎక్కువ వేసి పోయారు. గొడుగు పని ఎలిశబెతమ్మ చూసింది. రెండు మూడుసార్లు దారిన పోతూ ఆగి, అక్కర లేకపోయినా తన నల్లగొడుగు తెరిచి, మూసి, తెరిచి చూపించింది. ఊరు ఇంత మంచిదని ఇందిరమ్మకి అంతకు ముందు తెలియదు. తెలుసుకోవడానికి ఎవరినీ ఏమీ అడిగి ఉండలేదు మరి.

వైశాఖానికి సుబేదారు గాదె కిందికి పోవడం మానేసింది. చెవులు నిక్కాయి, ఒళ్ళు నిగనిగలాడింది. అందరూ మెచ్చుకునే వేళకి కొత్త జబ్బు బయటపడింది.

దూరాన బస్సు మోత వినపడితే చాలు, ఎక్కడ ఉంటే అక్కడ చతికిలబడి కూర్చునేది. కూర్చుని, దగ్గరున్న మనిషి మొహంలోకి చూస్తూ తోకతో నేల ఊడ్చేది. నెత్తళ్ళు పెడితేగాని చూపు తిప్పేది కాదు. లారీకి అంతే, మిల్లు కూతకీ అంతే. ఒక మధ్యాహ్నం ఎవడో వామిలోంచి రెండు మోపుల గడ్డి లాక్కుని పోతుంటే, అదే సమయానికి రోడ్డు మీద లారీ వచ్చింది. సుబేదారు ఆ దొంగకి ఎదురుగా పోయి కూర్చుని, నీ దగ్గర నెత్తళ్ళు ఉన్నాయా అన్నట్టు మొహంలోకి చూసిందట. ఆ సంగతి చూసినవాళ్ళు చెప్పారు. దొంగ కూడా చెప్పుకుని నవ్వి ఉంటాడు.

పద్మనాభయ్య నవ్వలేదు. "నేను సుబేదారుని తెస్తే నువ్వు దాన్ని సత్రం కాడ అడుక్కునేవాణ్ణి చేసినావు," అన్నాడు భార్యతో. "గిత్త మేతలో పడి బస్సుని మరిచిపోద్ది. ఇది బస్సుని చూసి మేత గుర్తు చేసుకుంటా ఉంది. ఎద్దుకి చెప్పినట్టు కుక్కకి చెప్తే ఇట్టే ఉంటది. సోమవారం చిన్నపోలయ్య బండి తోటకి పోతా ఉంది. దాంట్లో పంపించేస్తా."

తప్పు తనదేనని ఇందిరమ్మకి తెలుస్తూనే ఉంది. జూన్ మొదటి వారం జరుగుతోంది, బడులు తెరవబోతున్నాయి, పిల్ల సంగతిలో కూడా తనకి ఏ దారీ దొరకలేదు. పలక తీసుకుని, 'సుబేదారు సోమవారం తోటకి వెళ్తాడు' అని రాసి కూతురికి చూపించింది.

కొండమ్మ చదివింది. అరచేత్తో తుడిచేసింది.

"అది పోతే నేను బడికి ఎట్ట పోతా?" అంది, గాదె మీది పిచ్చుకలు లేచిపోయేటట్టు.

నాలుగు నెలల్లో ఆ పిల్ల నోట బడి మాట రావడం అదే మొదలు. పద్మనాభయ్య తువ్వాలు దులుపుతూ ఆగిపోయాడు. "కుక్కకీ బడికీ ఏంది సంబంధం?" అని చేతులు తిప్పి అడిగాడు.

"బస్సొస్తే అది నాకు చెప్తది. చూపిస్తా, రాండి."

నలుగురూ వీధి అరుగు మీదికి వచ్చారు. కొండమ్మ రోడ్డుకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. సుబేదారు ఆమె ముందర నిలబడి గోడ మీది చీమల్ని చూస్తూ ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. కాసేపటికి కుక్కపిల్ల కుడిచెవి వెనక్కి తిరిగింది. తర్వాత ఎడమచెవి. తర్వాత చతికిలబడింది.

"వస్తా ఉండాది," అంది కొండమ్మ.

"ఏం వస్తా ఉండాది నీ తలకాయ! నాకే వినపడలా," అంది వెంకటశేషమ్మ. ఆవిడ మాట పూర్తయి, ఇంకో రెండు మాటలు పట్టేంత సేపు గడిచాక, ఏటి వంతెన వైపు నుంచి లారీ మోత వచ్చింది. మోత వెనకాల లారీ వచ్చింది.

ఇంకోసారి కూర్చుంది. బస్సొచ్చింది. మూడోసారి కూర్చుంది, కొండమ్మ "వస్తా ఉండాది" అంది, ఎంతసేపటికీ ఏదీ రాలేదు. వెంకటశేషమ్మ "చూసినారా!" అని నిట్టూర్చింది. అందులో తను గెలిచిన సంతోషం లేదు. పద్మనాభయ్య మాత్రం అరుగు దిగి, రోడ్డు దాకా నడిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తిరిగొచ్చి, "లారీ వచ్చింది. ఇటు రాకుండా మిల్లులోకి తిరిగింది," అన్నాడు.

"బండికి కూర్చోదు నాయనా. బండి మెల్లిగా వస్తది, నేనే చూసుకుంటా. సైకిలుకి ఒక చెవే ఎత్తుతది. హారను కొట్టేవాటికి అయితే కూర్చుంటది," అని వివరించింది కొండమ్మ. ఎండాకాలమంతా ఆ అరుగు మీద ఆమె ఊరికే కూర్చోలేదు. ఆమె చదివినంత శ్రద్ధగా ఆ కుక్కపిల్ల మొహాన్ని ఎవరూ చదవలేదు. ఇందిరమ్మ అయితే అసలు చదవలేదు. పిల్ల కోసం ఏమీ చేయలేకపోతున్నానని కుమిలిపోతూ, చేతికి దొరికిన కుక్కపిల్లకి నెత్తళ్ళు పెట్టించింది, అంతే. ఏ దేవుడు ఆ తప్పు తన చేత చేయించాడో గానీ, ఆ నిమిషాన అతని పేరు తెలిస్తే కొబ్బరికాయ కొట్టి ఉండేది.

సోమవారం చిన్నపోలయ్య బండి ఖాళీగా పోయింది. పద్మనాభయ్య అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. పది రోజులు తనే కూతుర్నీ కుక్కనీ వెంటబెట్టుకుని, పొలం మానుకుని, రోడ్డు పక్కన పరీక్ష పెట్టాడు. ఒకటి రెండుసార్లు అది ఏ మోతా లేకుండానే, ఆశ కొద్దీ కూర్చుంది. "ఉత్తినే కూర్చుంటే పోయేదేముంది, కాసేపు నిలబడతా. వచ్చేదాన్ని దాచిపెట్టదు గదా," అంది కొండమ్మ. వచ్చినదాన్ని అది ఒక్కటి కూడా దాచిపెట్టలేదు. తండ్రి పిల్లకి ఒక కట్టడి చెప్పాడు. అంచున నిలబడాలి, రెండు పక్కలా చూడాలి, కుక్కని చూడాలి, అది కూర్చుని ఉంటే కదలకూడదు, లేస్తేనే అడుగు వెయ్యాలి. వెంకటశేషమ్మ పాత చీర చెంగుతో నెత్తళ్ళకి ఒక చిన్న సంచి కుట్టింది. "పుస్తకాల సంచిలో వేసేవు, చదువుకి నీచు వాసన తగులుతుంది," అంది. మనవరాలికి వినపడదని తెలిసి కూడా రెండుసార్లు చెప్పింది.

కుక్కని బడిలోకి రానిస్తారా అని అడగడానికి వెళితే, ఎలిశబెతమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని, "వరండాలో కూర్చోనీ. మా బళ్ళో చెప్పినట్టు కూర్చునేవాళ్ళు ఒక్కరన్నా ఉంటారు. హాజరు పట్టీలో మాత్రం రాయను," అంది.

జూన్ నడిమిలో, ఒక సోమవారం పొద్దున, కొండమ్మ బడికి బయల్దేరింది.

ఇందిరమ్మ గుమ్మం దగ్గరే ఉండిపోవాలని కూతురు ముందే కట్టడి చేసింది. పద్మనాభయ్య పొలానికి పోతున్నానని చెప్పి, ఎదురుగా టీ అంగడి గుంజ చాటున నిలబడ్డాడు. ఆయన జన్మలో టీ తాగి ఎరగడు. అవతల బడి గేటు దగ్గర ఎలిశబెతమ్మ ఉంది, ఒక్క అడుగు కూడా ముందుకి రాకుండా.

కొండమ్మ రోడ్డు అంచున నిలబడింది. సుబేదారు కూర్చుంది. నెల్లూరు వైపు నుంచి హెబ్రోను బస్సు వచ్చింది. పిల్లని చూసి హెబ్రోను పాతిక గజాల దూరంలోనే బస్సు నిలిపేసి, దాటమన్నట్టు చెయ్యి ఊపాడు.

కొండమ్మ బస్సుని చూసింది, ఆగిన సంగతి తెలిసింది. కుక్కని చూసింది. ఇంజను గడగడలాడుతూనే ఉంది గనక సుబేదారు కూర్చునే ఉంది. కట్టడి ప్రకారం కొండమ్మ కదలలేదు. పిల్ల కదలదు గనక హెబ్రోను కదలలేదు. బస్సు కదలదు గనక దాని వెనకాల ఒక లారీ వచ్చి ఆగి, ఆపకుండా హారను కొట్టసాగింది. సుబేదారు ఇంకా గట్టిగా కూర్చుంది.

"ఏందయ్యా నిలిపినావు?" అన్నారు బస్సులోంచి.

"కుక్క కూర్చోనుంది," అన్నాడు హెబ్రోను.

"కుక్క కూర్చుంటే బస్సు నిలుపుతారా? హారను కొట్టు!"

"నేను కొట్టి కొట్టే అది కూర్చోవడం నేర్చుకునింది!"

ఇందిరమ్మ గుమ్మం దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉంది. అరిస్తే పిల్లకి వినపడదు. పది అడుగులు వేసి చెయ్యి పట్టుకుంటే ఒక్క క్షణంలో దాటించేయచ్చు. బస్సులో నలభై మంది చూస్తుండగా, గేటు దగ్గర బడిపిల్లలంతా చూస్తుండగా, దూడని దాటించినట్టు. రెండు అడుగులు వేసింది కూడా. అక్కడ గడప బయటి రాయిని కాలివేళ్ళతో గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది.

హెబ్రోను ఆమెని చూశాడు. పిల్లని చూశాడు. తల కిటికీలోంచి బయట పెట్టి, "అన్నా, ఒక్క నిమిషం నీ ఇంజను కట్టెయ్! పిల్ల బడికి పోవాల," అని వెనక లారీవాడికి అరిచాడు. తన ఇంజను కూడా కట్టేశాడు. అతని పాత బస్సుకి సెల్ఫు లేదు. మళ్ళీ కదలాలంటే ముందర హ్యాండిలు పెట్టి ఒక మనిషి చెమటోడ్చి తిప్పాలి. అది చూసి వెనక లారీవాడు కూడా హారను మాని ఇంజను కట్టేశాడు.

ట్రంకురోడ్డు మీద టీ అంగడి పొయ్యిలో పుల్లలు చిటపటలాడడం వినపడింది. సుబేదారు చెవులు అటూ ఇటూ తిప్పింది. లేచింది. ఒళ్ళు ఒకసారి విదిలించుకుంది. కొండమ్మ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, కుక్కని చూసింది. చూసి, నడిచింది. పరుగెత్తలేదు. ఆ రోడ్డు దాటడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో ఇందిరమ్మ ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయింది.

అవతలి అంచున సుబేదారుకి నెత్తళ్ళు అందాయి. ఎలిశబెతమ్మ పిల్లని దగ్గరికి తీసుకోలేదు. రోజూ వచ్చే పిల్లకి ఊపినట్టే తల ఊపింది.

కండక్టరు హ్యాండిలు పట్టుకుని గొణుక్కుంటూ దిగేసరికి, గుంజ చాటున ఉన్న పద్మనాభయ్య పంచె ఎగ్గట్టి వచ్చాడు. "ఇట్టియ్యబ్బయ్యా," అన్నాడు. "మీరెందుకన్నా?" అంటున్నా వినకుండా హ్యాండిలు లాక్కుని తిప్పాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. నుదుటి చెమటతో పాటు కళ్ళు కూడా కండువాతో తుడుచుకుని, "మధ్యాన్నం ఇంటికి రా హెబ్రోనూ. అన్నానికి," అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

ఇందిరమ్మ బస్సు దాకా వచ్చింది.

"ఏమ్మా, రేపు కూడా ఆపేదా?" అన్నాడు హెబ్రోను.

"వద్దు నాయనా. నువ్వు ఆగకుండా పో. నువ్వు పోయినాక దాటుతుంది," అంది ఇందిరమ్మ. చేతులు మాత్రం వాటంతటవే జోడించుకున్నాయి.

అవతల నుంచి, బడిలోకీ బస్సులోకీ మిల్లులోకీ వినిపించేటట్టు, కొండమ్మ అరిచింది. "అమ్మా! అందరూ చూస్తా ఉండారు. నువ్వు లోపలికి పో!"

ఇందిరమ్మ లోపలికి పోయింది. వసారాలో వెంకటశేషమ్మ అటక కేసి చూస్తూ నిలబడి ఉంది.

"ఆ పెద్ద డేగిసా దించు," అంది.

"హెబ్రోను ఒక్కడే గదా అత్తమ్మా వచ్చేది?"

"ఒక్కణ్ణి పిలిస్తే ఏం బాగుంటది? టీచరమ్మకి చెప్పి పంపు. నాగులమ్మ ఇయ్యాళే గదా వచ్చేది, ఉండమను. మిల్లులో ఆ కూత వేసేవాడెవడో, వాణ్ణీ పిలువు. తప్పెట్లవాళ్ళు ఊళ్ళో ఉంటే వాళ్ళనీ." ముసలావిడ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "మోత చేసినవాళ్ళు ఇంకెవరన్నా ఉండారా?"

"మీరున్నారు గదా, పళ్ళెం," అంది ఇందిరమ్మ.

"నాకు పెట్టకుండా పోతావా ఏంది! మాట్లాడకుండా బియ్యం కొలు. సుబేదారుకి కూడా ఒక సోలెడు కలుపుకో."